స్లోలో ఆగిపోతున్న మస్టాంగ్: గాలి పద్దు ఎక్కడ తప్పింది?

ప్రశ్న: నమస్కారం అండీ. మాది భీమవరం దగ్గర పల్లె. ఇప్పుడు టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. నా దగ్గర 2003 మస్టాంగ్ జీటీ ఉంది. 4.6 లీటర్ల వీ8, 5 గేర్ల మాన్యువల్. మా అబ్బాయికి 16 నిండాయి. వాడూ నేనూ కలిసి నాలుగు వారాంతాలు గ్యారేజీలో కూర్చుని, సెకండ్ హ్యాండ్‌లో కొన్న సెంట్రిఫ్యూగల్ సూపర్‌చార్జర్ కిట్ (ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసేది, బ్లోవర్ అన్నా ఇదే) బిగించాం. బూస్టు, అంటే అది తోసే గాలి ఒత్తిడి, 8 పీఎస్ఐ. కిట్‌తో వచ్చిన, గంటకు 42 పౌండ్ల పెట్రోలు పోసే ఇంజెక్టర్లు, లోపలికి వచ్చే గాలిని కొలిచే పెద్ద మ్యాఫ్ మీటరు పెట్టి, ట్యూనర్ ఈమెయిల్‌లో పంపిన ట్యూన్ (ఇంజన్ కంప్యూటరుకు కొత్త లెక్కల ఫైలు) ఎక్కించాం. రేస్ ఇస్తే బండి ఎగిరిపోతోంది. యాక్సిలరేటర్ నొక్కకుండా స్లోలో వదిలితే మాత్రం నిలబడటం లేదు. ఆర్‌పీఎం ముల్లు 600కీ 1,200కీ మధ్య ఊగుతుంది. సిగ్నల్ దగ్గర క్లచ్ నొక్కి బ్రేకు వేస్తే సగంసార్లు ఆఫ్ అయిపోతుంది. ఏసీ వేస్తే ఇంకా ఘోరం. సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన, గొట్టం మూతికి నల్ల మసి. పెట్రోలు ఎక్కువవుతోందని చెప్పే పీ0172, పీ0175 కోడ్లు వచ్చాయి. స్కానర్‌లో చూస్తే స్లోలో ఇంజన్ రెండు వైపుల (రెండు బ్యాంకుల) ట్రిమ్, అంటే కంప్యూటరు పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె, మైనస్ 22, మ్యాఫ్ రీడింగు సెకనుకు 6.4 గ్రాములు. 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే మైనస్ 4. మిగులు గాలిని వదిలే బైపాస్ వాల్వ్ మూతికి చిన్న ఫిల్టరు పెట్టాం, గాలి చిమ్మే ఆ శబ్దం మావాడికి ఇష్టం. వాల్వ్ కవర్ నుంచి వచ్చే గొట్టం అడ్డం వస్తోందని తీసేసి అక్కడా ఇంకో చిన్న ఫిల్టరు పెట్టాం. ఇక్కడి షాపువాళ్లు ‘బ్లోవర్ బళ్లు ఇంతే, స్లో 1,100కి పెంచేస్తే సరి’ అంటున్నారు. పెంచేయమంటారా?

సమాధానం: పెంచకండి. మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యం బైపాస్ వాల్వ్ మీది చిన్న ఫిల్టరు గురించి రాసినది. మీ బండి జబ్బులో పెద్ద పాలు అక్కడే ఉంది. వాల్వ్ కవర్ దగ్గరి రెండో ఫిల్టరు దానికి తోడైంది. వివరంగా చెబుతాను. దానికి ముందు ఒక్క మాట. ఇది తేలేదాకా ఆ కారు మీ అబ్బాయి చేతికి ఇవ్వకండి. ఈ మోడల్ జీటీలో బ్రేకు బూస్టరు వ్యాక్యూమ్‌తో నడవదు. స్టీరింగుకు నూనె తోలే పంపే బ్రేకుకూ బలం ఇస్తుంది. అంటే ఇంజన్ ఆగిన క్షణంలో స్టీరింగు, బ్రేకు రెండూ ఒకేసారి బరువెక్కుతాయి. బ్రేకుకు ఒకటి రెండు తొక్కుళ్లకు సరిపడా బలం నిల్వ ఉంటుంది, అంతే. రోడ్డు మధ్యలో ఎడమ మలుపు తిరుగుతుండగా బండి ఆగితే ఏం చేయాలో 20 ఏళ్లు నడిపినవాడికి చేతులే చెబుతాయి. కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్లవాడు బెదిరిపోతాడు.

ఇక అసలు సంగతికి వద్దాం. నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, కార్బురేటర్ల కాలంలో. మా మేస్త్రి ఒక చేత్తో స్లో స్క్రూ, ఇంకో చేత్తో మిక్చర్ స్క్రూ తిప్పుతూ, కళ్లు మూసుకుని చెవితోనే బండిని సరిచేసేవాడు. కార్బురేటర్ గాలిని కొలవదు. గాలి పోతూ పోతూ తనకు కావలసిన పెట్రోలును తానే పీల్చుకుంటుంది. మీ మస్టాంగ్ అలాంటిది కాదు. ఫిల్టరు దాటగానే మ్యాఫ్ మీటరు కూర్చుని ఉంటుంది. సెకనుకు ఎన్ని గ్రాముల గాలి లోపలికి వచ్చిందో అది కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు దాన్ని జమ రాసుకుని, సరిపడా పెట్రోలు ఖర్చు రాస్తుంది. ఈ పద్దు రెండే రకాలుగా తప్పుతుంది. జమ రాసిన గాలి ఇంజన్‌కు చేరకుండా బయటికి పోవచ్చు. లేదా జమకు రాని గాలి దొడ్డిదారిన లోపలికి రావచ్చు. మొదటిది జరిగితే పెట్రోలు ఎక్కువవుతుంది, రెండోది జరిగితే తక్కువవుతుంది. మీ బండిలో రెండూ జరుగుతున్నాయి.

మీ కిట్‌లో గాలి దారి చూడండి. ఫిల్టరు, మ్యాఫ్, సూపర్‌చార్జర్, పైపు, ఆ పైపు మీద బైపాస్ వాల్వ్, తర్వాత థ్రాటిల్ (యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకునే గాలి తలుపు). సూపర్‌చార్జర్ బెల్టుతో తిరిగేది కనుక స్లోలో కూడా అది ఊరుకోదు. పుల్లీల వల్ల సుమారు రెండింతలు, లోపలి గేర్ల వల్ల మూడున్నర రెట్లు అనుకుందాం. ఇంజన్ 750 తిరుగుతుంటే లోపలి చక్రం 5,000 దాటి తిరుగుతూ ఉంటుంది. బూస్టు అని చెప్పుకునేంత ఏమీ రాదు కానీ, గాలిని మెల్లగా ముందుకు తోస్తూనే ఉంటుంది. అదే సమయంలో థ్రాటిల్ మూసుకుని ఉంటుంది కనుక మానిఫోల్డ్‌లోని (థ్రాటిల్ తర్వాత సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లోని) వ్యాక్యూమ్ బైపాస్ వాల్వ్‌ను తెరిచి పట్టుకుంటుంది. అది తప్పేమీ కాదు, వాల్వ్ ఉన్నదే అందుకు. అలా బయటపడ్డ గాలి తిరిగి మ్యాఫ్‌కూ సూపర్‌చార్జర్‌కూ మధ్య ఉన్న గొట్టంలోకి వెళ్లాలి. అప్పుడు ఒకసారి జమ అయిన గాలి అక్కడక్కడే తిరుగుతుంది, పద్దు చెదరదు. మీరు ఆ మూతికి ఫిల్టరు పెట్టి గాలిని వీధిలోకి వదిలేశారు. మీటరు లెక్క రాసింది. ఇంజన్‌కు మాత్రం ఆ గాలి అందలేదు.

మీరు పంపిన అంకెలే దీన్ని చెబుతున్నాయి. ఇంజన్ వేడెక్కాక స్లోలో లీటరుకు సెకనుకు సుమారు 1 గ్రాము గాలి చాలు. 4.6 లీటర్లకు, బ్లోవర్ బెల్టు బరువు కూడా కలుపుకుంటే, 5 గ్రాముల చుట్టుపక్కల ఉండాలి. మీ మీటరు 6.4 చూపిస్తోంది. కంప్యూటరు ఆక్సిజన్ సెన్సర్లను చూసి, ‘ఇంత పెట్రోలు అక్కర్లేదు’ అని 22 శాతం తగ్గిస్తోంది. 6.4లో 22 శాతం తీసేస్తే సరిగ్గా 5 వస్తుంది. ఇంత నిక్కచ్చిగా సరిపోయే ఉత్తరాలు నాకు ఎక్కువ రావు. రీడింగులు రాసి పంపినందుకు మీకు నిజంగా కృతజ్ఞతలు.

2,500 దగ్గర మైనస్ 4కి ఎందుకు తగ్గిందంటే, అక్కడ ఇంజన్ తాగే గాలి చాలా ఎక్కువ. కారిపోయే కాస్త గాలి ఆ మొత్తంలో చిన్న భాగం అయిపోతుంది. బిందెలోంచి గ్లాసుడు నీళ్లు ఒలికితే తెలియదు, చెంబులోంచి ఒలికితే తెలుస్తుంది. స్లో 1,100కి పెంచితే జరిగేది కూడా ఇదే. చెంబు కాస్త పెద్దదవుతుంది, ఒలకడం మాత్రం ఆగదు.

సిగ్నల్ దగ్గర ఆగిపోవడం కూడా ఈ కారడమే, ఇంకా పెద్ద మోతాదులో. మీరు 3,500 దగ్గర యాక్సిలరేటర్ వదిలేసి క్లచ్ నొక్కారు. థ్రాటిల్ టపీమని మూసుకుంది. సూపర్‌చార్జర్ చక్రం ఇంకా 20,000 పైన తిరుగుతూ గాలి తోస్తూనే ఉంది. వాల్వ్ తెరుచుకుని ఆ గాలంతా బయటికి చిమ్మింది. మీవాడికి నచ్చిన శబ్దం అదే. ఆ క్షణంలో మ్యాఫ్ దాటుతున్న గాలికీ ఇంజన్ తాగుతున్న గాలికీ పొంతన లేదు. కంప్యూటరు మాత్రం మీటరునే నమ్మి పెట్రోలు కుమ్మరిస్తుంది. ప్లగ్గులు తడుస్తాయి. అదే సమయంలో బ్రేకు తొక్కారు, పంపు మీద బరువు పడింది. ఏసీ ఉంటే ఆ బరువు కూడా. ఆర్‌పీఎం 600 దాటి కిందికి జారిపోయాక ఇక పైకి లేవలేదు.

స్లోలో ముల్లు ఊగడానికి కారణం కంప్యూటరు ఒకే బండిని రెండు తాళ్లతో లాగుతూ ఉండటం. ఆర్‌పీఎం పడితే, స్లోలో గాలిని సర్దే ఐఏసీ వాల్వ్ తెరిచి గాలి పెంచుతుంది. ఇంకోపక్క ఆక్సిజన్ సెన్సర్ మాట విని పెట్రోలు కోస్తుంది. ఒకటి సరిచేసేలోపు రెండోది మారిపోతుంది. పద్దు సరిగా ఉంటే ఈ రెండు తాళ్లూ ఒకేవైపు లాగుతాయి.

కొత్త సామాను కొనకముందు ఒక పరీక్ష చేయండి. బండి బాగా వేడెక్కాక, న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి ఉంచండి. బైపాస్ వాల్వ్ మీది ఫిల్టరు తీసి, ఆ మూతికి గట్టి రబ్బరు మూత బిగించండి. స్లోలో మాత్రమే ఉంచండి, రేస్ ఇవ్వకండి. మూత ఉండగా రేస్ ఇచ్చి వదిలితే గాలి వెనక్కి తన్ని సూపర్‌చార్జర్‌ను కొడుతుంది. మీ అబ్బాయిని స్కానర్ పట్టుకుని కూర్చోమనండి. రెండు మూడు నిమిషాల్లో మ్యాఫ్ 6.4 నుంచి కిందికి దిగి, ట్రిమ్ మైనస్ నుంచి సున్నా వైపు నడిస్తే దొంగ దొరికినట్టే. తర్వాత మూత తీసేయండి, అలా పెట్టి నడపకూడదు.

పరీక్షలో తేలితే వైద్యం ఒక గొట్టం, రెండు క్లాంపులు. మీ కిట్ ఇన్లెట్ గొట్టం మీద, మ్యాఫ్ దాటాక ఎక్కడో, మూత వేసిన మూతి ఒకటి ఉండొచ్చు, వెతకండి. చాలా కిట్లలో అది ఇందుకోసమే పెడతారు, కొన్నవాళ్లే మూసేస్తారు. బైపాస్ వాల్వ్ మూతి ఎంత వెడల్పో గొట్టం కూడా అంతే వెడల్పుండాలి, సన్నంగా ఉంటే ప్రయోజనం సగమే. గాలి సూపర్‌చార్జర్ వైపు చూస్తూ కలవాలి, మ్యాఫ్ మీదికి ఎదురు ఊదకూడదు. మీటరు తీగ గాలి ఏవైపు నుంచి తగిలినా లెక్కలో వేసుకుంటుంది. గొట్టం మీటరుకు మరీ దగ్గరగా కలిపితే వచ్చిన గాలినే మళ్లీ జమ రాస్తుంది. ఒక తప్పు తీసి ఇంకోటి పెట్టినట్టవుతుంది.

వాల్వ్‌లో గట్టి స్ప్రింగు వేస్తే స్లోలో మూసుకుని ఉంటుందని మీకు ఎవరైనా చెప్పవచ్చు. స్లో కొంత నిలబడుతుంది కూడా. కానీ యాక్సిలరేటర్ వదిలినప్పుడు జమ అయిన గాలి అప్పుడూ బయటికే పోతుంది, సిగ్నల్ దగ్గర ఆగడం పోదు. మ్యాఫ్‌ను థ్రాటిల్ ముందుకు, బైపాస్ తర్వాతకు మార్చడం ఇంకో దారి. అలా చేస్తే గాలి ఎక్కడ వదిలినా పద్దుకు సంబంధం ఉండదు. కానీ మీటరుకు ముందు వంపుల్లేని గొట్టం కావాలి, ట్యూన్ మళ్లీ మొదటినుంచి రాయించుకోవాలి. ఆ శబ్దం కోసం అంత పని పెట్టుకోవద్దని నా సలహా. మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి: ఆ శబ్దం పోయినా బ్లోవర్ గేర్ల ఈల ఎక్కడికీ పోదు.

ఇప్పుడు రెండో ఫిల్టరు గురించి. దీన్ని చిన్నదని వదలకండి. గొట్టం కలిపాక మీరు కంగారు పడే అవకాశం ఇక్కడే ఉంది. ఇంజన్ అడుగున చేరే ఆవిరిని పీసీవీ వాల్వ్ మానిఫోల్డ్‌లోకి లాగుతుంది. అలా లాగిన దాని బదులు తాజా గాలి ఇంకో వాల్వ్ కవర్ నుంచి లోపలికి రావాలి. కంపెనీ బిగింపులో ఆ గాలి మ్యాఫ్ దాటిన గొట్టం నుంచి వస్తుంది, అంటే జమ అయిన గాలే. మీరు ఆ గొట్టం తీసి ఫిల్టరు పెట్టాక, అది నేరుగా హుడ్ కింది నుంచి వస్తోంది. పద్దులో లేని గాలి అది. ఒక్కటే ఉంటే పెట్రోలు తక్కువై ట్రిమ్ ప్లస్‌లోకి వెళ్లేది. బైపాస్ నుంచి పోయే గాలి దాన్ని కప్పేసింది. రెండు తప్పులు ఎదురెదురుగా నిలబడితే పెద్దదే కనబడింది. కనుక బైపాస్ గొట్టం కలపగానే మీ ట్రిమ్ సున్నా దగ్గర ఆగకుండా ప్లస్ 8, 9 దాకా పోవచ్చు. మాట వరసకు ఇంజన్‌కు కావలసిన 5 గ్రాముల్లో 0.4 గ్రాము ఇలా దొంగతనంగా వస్తోందనుకోండి, మీటరు 4.6 చూపిస్తుంది, ఆ తేడా దాదాపు 9 శాతం. అప్పుడు ‘కొత్త సమస్య వచ్చింది’ అనుకుని ట్యూనర్‌కు ఫోన్ చేయకండి. పాతదే బయటపడింది. ఆ వాల్వ్ కవర్ గొట్టాన్ని కూడా మ్యాఫ్ తర్వాత, సూపర్‌చార్జర్ ముందు కలిపేయండి. మధ్యలో నూనె పట్టే డబ్బా ఒకటి పెడితే ఇంకా మంచిది, లేకపోతే ఆవిరిలోని నూనె కంప్రెసర్ చక్రానికి పట్టుకుంటుంది. పీసీవీ వైపు గాలి ఒకేదిక్కుకు పోయే చెక్ వాల్వ్ ఉందో లేదో చూడండి. అది లేకపోతే బూస్టు వచ్చినప్పుడు గాలి ఇంజన్ అడుగుకు దిగి సీళ్ల దగ్గర నూనె కక్కిస్తుంది.

రెండూ అయ్యాక బ్యాటరీ మైనస్ తీగ అరగంట తీసి పెట్టండి. ఇన్నాళ్లూ తప్పుడు పద్దుతో కంప్యూటరు నేర్చుకున్నదంతా చెరిగిపోవాలి. మళ్లీ స్టార్ట్ చేసి ఏసీ లేకుండా కొంతసేపు, ఏసీతో కొంతసేపు స్లోలో వదిలేసి, తర్వాత ఊళ్లో మామూలుగా తిప్పండి. ఒక్క జాగ్రత్త. ఇలా చెరిపితే బండి లోపలి స్వీయ పరీక్షల ఫలితాలు కూడా పోతాయి. మీ ప్రాంతంలో ఈ వయసు బండికి పొగ పరీక్ష ఉంది కదా, దాని తేదీ దగ్గరలో ఉంటే కొన్ని రోజులు నడిపాకే వెళ్లండి.

ఆ తర్వాత కూడా ట్రిమ్ స్లోలో ప్లస్‌లో ఉండి, 2,500 దగ్గర సున్నాకు వస్తుంటే ఇంకా ఎక్కడో గాలి లాగుతోంది. బిగించేటప్పుడు కదిలిన గాస్కెట్టు, ఇంజెక్టర్ అడుగున చిరిగిన ఓ రింగు, పెట్టడం మరిచిన వ్యాక్యూమ్ మూత, వీటిలో ఏదైనా కావచ్చు. వ్యాక్యూమ్ గేజి పెడితే ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ స్లోలో 17 నుంచి 21 అంగుళాల మధ్య కదలకుండా చూపిస్తుంది. కార్బ్ క్లీనర్ కొట్టి వెతికే పాత పద్ధతి మన షెడ్లలో ఉంది, నేనూ చేశాను. వేడి ఎగ్జాస్ట్ పైపుల పక్కన ఆ పని ఇంట్లో చేయొద్దని వేడుకుంటున్నాను. పొగ యంత్రం ఉన్న షాపులో అరగంట పని అది. కన్ను చూపలేని చిల్లును పొగ చూపిస్తుంది.

మీ కారుకే ప్రత్యేకమైన ఇంకో చోటు ఉంది. 1999 నుంచి ఈ జీటీలకు పెట్రోలు తిరిగి ట్యాంకుకు వెళ్లే లైను లేదు. ఇంజెక్టర్ రైలు మీద ప్రెషర్ సెన్సర్ కూర్చుని, మానిఫోల్డ్ వ్యాక్యూమ్‌తో పోల్చి పంపును ఎంత తిప్పాలో చెబుతుంది. దానికి ఒక సన్నని వ్యాక్యూమ్ గొట్టం ఉంటుంది. కిట్ బిగించేటప్పుడు అది ఊడినా, పగిలినా, అది అనుకునే ప్రెషర్ వేరు, ఇంజెక్టర్ చూసే ప్రెషర్ వేరు. బైపాస్ వాల్వ్ గొట్టానికీ దీనికీ కలిపి ఒకే టీ ముక్క వేసి ఉంటే తీసేయండి. దేని గొట్టం దానికి ఉండాలి. బైపాస్‌ది తప్పకుండా థ్రాటిల్ తర్వాతి మూతి నుంచే రావాలి. థ్రాటిల్ ముందు నుంచి తీసుకుంటే స్లోలో వాల్వ్ అసలు తెరుచుకోదు, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా పావురం రెక్కలు కొట్టుకున్నట్టు శబ్దం వస్తుంది.

ఇక ట్యూన్. పద్దు సరిచేశాకే దాని సంగతి చూడాలి. ఫాక్స్ బాడీ అనే పాత తరం మస్టాంగ్‌ల రోజుల్లో కంప్యూటరును తిరగరాయడం అందరికీ అందేది కాదు. పెద్ద ఇంజెక్టర్లకు సరిపోయేలా మీటరే తక్కువ గాలి చూపించి అబద్ధం చెప్పేట్టు తయారుచేసి అమ్మేవారు. మీ కిట్ సెకండ్ హ్యాండ్‌ది. అందులో వచ్చిన మీటరు ఆ రకమా, నిజం చెప్పే రకమా? మీ స్లో అంకెలు చూస్తే నిజం చెప్పే రకంలాగే ఉంది. అయినా మీటరు మీది నంబరు ఫొటో తీసి ట్యూనర్‌కు పంపండి, ఏ లెక్క పట్టిక వాడారో అడగండి. అలాగే మీ బండి 19 పౌండ్ల ఇంజెక్టర్లతో పుట్టింది. 42 పౌండ్లవి రెట్టింపు కంటే పెద్దవి. స్లోలో అవి తెరుచుకునే సమయం సగానికి పడిపోతుంది. ఇంజెక్టర్‌కు తెరుచుకోవడానికే దాదాపు 1 మిల్లీసెకను పడుతుంది, వోల్టేజీ తగ్గితే ఇంకా ఎక్కువ. సమయం చిన్నదైనప్పుడు ఆ తేడా పెద్దగా కనబడుతుంది. ఏసీ, ఫ్యాను, హెడ్‌లైట్లు ఒకేసారి వేస్తే స్లో చెడటానికి ఇదీ ఒక దారి. అంతా వేసి ఉంచి బ్యాటరీ దగ్గర కొలవండి. 13.5 వోల్టుల కింద ఉంటే ఆల్టర్నేటర్‌ను, బెల్టు బిగువును చూడాలి. అది బాగుంటే, ఆ ఇంజెక్టర్ల వోల్టేజీ పట్టిక సరిగా పెట్టారా అని ట్యూనర్‌ను అడగాలి.

థ్రాటిల్ ఆపు స్క్రూను ఎవరైనా తిప్పి ఉంటే ఉన్నచోటికి తెచ్చేయండి. దాన్ని తెరిస్తే ఐఏసీ వాల్వ్ పూర్తిగా మూసుకుపోతుంది, స్లోను పట్టుకునే చెయ్యి కంప్యూటరుకు లేకుండా పోతుంది.

ఇన్ని రోజులు పెట్రోలు ఎక్కువగా పడింది కదా, ప్లగ్గులు మసిబారి ఉంటాయి. మార్చేయండి. కంపెనీ గ్యాపు 1.37 ఎంఎం ప్రాంతంలో ఉంటుంది. 8 పీఎస్ఐ బూస్టులో నిప్పురవ్వ ఆరిపోకుండా 0.9 ఎంఎంకు తగ్గించి పెట్టండి. ఈ హెడ్లలో ప్లగ్గుకు పట్టుదొరికే థ్రెడ్లు తక్కువ, అందుకని ఇంజన్ పూర్తిగా చల్లారాకే, ముందు చేత్తో తిప్పి, తర్వాత టార్క్ రెంచితో బిగించండి. ఇంజన్ ఆయిల్ కూడా మార్చండి. గోడల మీద నుంచి దిగిన పెట్రోలు దాన్ని పల్చన చేసి ఉంటుంది. కొలకర్ర తీసి వాసన చూస్తే మీకే తెలుస్తుంది.

‘బ్లోవర్ బళ్లు ఇంతే’ అన్న మాటను నేను ఒప్పుకోను. మీ కారు పుట్టిన 2003లోనే ఫోర్డ్ అదే మస్టాంగ్‌లో కోబ్రా అని ఒకటి అమ్మింది. 4.6 లీటర్ల ఇంజన్ మీద ఈటన్ ఎం112 సూపర్‌చార్జర్, 390 గుర్రాల బలం. దాని బైపాస్ కూడా స్లోలో తెరుచుకునే ఉంటుంది, కానీ గాలిని లోపలే తిప్పుతుంది, వీధిలోకి వదలదు. సిగ్నల్ దగ్గర అది మామూలు కారులా నిలబడుతుంది. పెద్ద క్యామ్ (ఇంజన్ వాల్వ్‌లను తెరిచే ఇరుసు) వేసిన ఇంజన్ స్లోలో గుర్రంలా తుళ్లుతుంది, అది క్యామ్ గుణం. మీరు క్యామ్ మార్చలేదు. మీ బండి తుళ్లడానికి కారణం లేదు.

అదే కోబ్రాకు ఫోర్డ్ ఫోర్జింగ్ చేసిన పిస్టన్లు, బలమైన కనెక్టింగ్ రాడ్లు వేసి, కంప్రెషన్ 8.5కు తగ్గించింది. మీ జీటీలో ఉన్నవి పొడి లోహం రాడ్లు, కంప్రెషన్ 9.4. స్లోలో పద్దు తప్పితే బండి ఆగుతుంది, అంతే. బూస్టులో పద్దు తప్పి పెట్రోలు తక్కువైతే పిస్టన్ కరుగుతుంది, రాడ్డు బ్లాకును చీల్చుకుని వస్తుంది. అందుకే గొట్టాలు కలిపాక ట్యూనర్‌కు కొత్త లాగ్ (స్కానర్ నమోదు చేసిన రీడింగులు) పంపి, ‘బూస్టులో మిశ్రమం సరిగా ఉంది’ అని ఆయన నోటితో అనేదాకా యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కకండి. లాగ్‌లో ఆర్‌పీఎం, మ్యాఫ్, రెండు బ్యాంకుల ట్రిమ్‌లు, థ్రాటిల్ సెన్సర్, ఐఏసీ శాతం, ఇగ్నిషన్ టైమింగ్, వోల్టేజీ ఉండేలా చూడండి. స్లోలో 5 నిమిషాలు, 2,500 దగ్గర 1 నిమిషం, ఆ తర్వాత మూడు నాలుగు సిగ్నళ్ల దగ్గర ఆగడాలు.

ముందు మూత పరీక్ష ఫలితం నాకు రాయండి. మూత లేనప్పుడు మ్యాఫ్ ఎంత, మూత పెట్టాక ఎంత, ఈ రెండు అంకెలు చాలు. తర్వాత రెండు గొట్టాలూ కలిపి వారం నడిపాక ట్రిమ్ ఎక్కడ నిలబడిందో రాయండి. ప్లస్ 5కీ మైనస్ 5కీ మధ్య ఉండి, ఏసీ వేసి బ్రేకు తొక్కి క్లచ్ నొక్కినా 20 సిగ్నళ్లలో ఒక్కసారి కూడా ఆగకపోతే, అప్పుడు తాళం మీ అబ్బాయికి ఇవ్వండి.